అతి మితవాది అంటే ఎవరు?

మా తమ్ముడి కూతురు గ్రూప్స్‌కి చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, "పెదనాన్నా, గోఖలే మితవాది అని చరిత్ర పుస్తకంలో ఉంది. ఫ్రాన్సులో మరీన్ లెపెన్ కూడా మితవాదేనని పేపర్లో రాశారు. అదీ మామూలు మితవాది కాదు, అతి మితవాదిట. ఇద్దరిదీ ఒకటే వాదమా?" అని అడిగింది.

నవ్వొచ్చింది. కానీ జవాబు చెప్పబోతే రెండు నిమిషాల్లో తెమిలేదిగా కనిపించలేదు. అప్పటికేదో చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

మితం అంటే కొలిచింది, హద్దులో ఉన్నది. మితభాషి, మితాహారం, పరిమితం, అమితం. అన్నింటా ఆ కొలత ఉంది. మితం తప్పితే అతి. ఈ రెండూ ఒకదాన్నొకటి తోసేసుకునే మాటలు. రాజకీయ వార్తలు చదివే అలవాటు లేని తెలుగు మనిషిని పిలిచి "అతి మితవాది" అంటే ఎవరని అడగండి. "మరీ మెతక మనిషి అయ్యుంటాడు" అంటాడు. వలసలు ఆపేస్తాం, సరిహద్దులు బిగిస్తాం అని ఓట్లడిగే నాయకురాలికి మనం పెట్టిన పేరు అది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మితవాది అన్న మాట ఒక మనిషి నడకను చెబుతుంది. ఆ మనిషి ఎటు వెళ్తున్నాడో చెప్పదు. ఎడమకు వెళ్లేవాళ్లలోనూ మితవాదులుంటారు, కుడికి వెళ్లేవాళ్లలోనూ ఉంటారు, మతం కోసం, ప్రాంతం కోసం, ప్రత్యేక దేశం కోసం పోరాడేవాళ్లలోనూ ఉంటారు. ఆ మాటను ఒక దిక్కుకు రాసిచ్చేయడం వల్ల మనకు జరిగిన నష్టం చిన్నది కాదు.

కుడికి పేరు దొరకలేదు

1789లో ఫ్రెంచి సభలో రాజు అధికారాన్ని నిలబెట్టాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపున, కాదన్నవాళ్లు ఎడమవైపున కూర్చున్నారు. ఆ కూర్చున్న తీరే లోకమంతా రాజకీయ భాషైపోయింది. ఎడమకు మనం "వామపక్షం" అని పెట్టుకున్నాం. వామం అంటే సంస్కృతంలో ప్రతికూలమనీ వంకరనీ కూడా అర్థాలున్నా వామపక్షీయులెవరూ అభ్యంతరపెట్టినట్టు లేదు. ఆ లెక్కన కుడికి "దక్షిణపక్షం" అనాలి. హిందీలో "దక్షిణపంథీ" అని నిక్షేపంగా వాడుకుంటున్నారు. తెలుగులో దక్షిణం అనగానే దిక్కు గుర్తొస్తుంది, ఆ తర్వాత పురోహితుడికిచ్చేది గుర్తొస్తుంది. దక్షిణపక్ష పార్టీ గెలిచిందంటే ద్రవిడ పార్టీ ఏదో గెలిచిందనుకుంటారు.

ఒక పత్రికలో విదేశీ వార్తల డెస్కులో చాలాకాలం పనిచేసిన స్నేహితుణ్ణి అడిగాను. "ఏజెన్సీ కాపీలో రైట్ వింగ్ అని వస్తుంది. కుడిపక్షం అని రాస్తే ఇన్‌చార్జి కొట్టేసేవాడు, అదేదో కుడి ఎడమల దగా అని. మితవాద అని రాస్తే పోయేది. ఫార్ రైట్ అని వస్తే ముందు అతి తగిలించేవాళ్లం. ఎడిషన్ టైమైపోతుంటే వ్యుత్పత్తులు ఎవడు చూస్తాడు?" అన్నాడు. మరి అసలు మితవాద అన్న మాటే ఎందుకు వచ్చి కూర్చుందిరా అంటే, "మేం చేరేసరికే ఉంది" అన్నాడు.

నా ఊహ ఒకటుంది. తెలుగులో వామపక్ష సాహిత్యం చదివిన వాళ్లందరికీ "మితవాద, అతివాద పెడధోరణులు" అన్న జంట మాటలు తెలిసే ఉంటాయి. "మితవాద అవకాశవాదం" కూడా. కమ్యూనిస్టు పార్టీల లోపల "రైట్" అంటే పార్లమెంటులో కుడివైపు కూర్చునేవాడని కాదు. విప్లవంలో వెనకంజ వేసేవాడు, సర్దుకుపోదామనేవాడు, మెల్లగా పోదామనేవాడు. 1928, 29 ప్రాంతాల్లో సోవియట్ పార్టీలో పెద్ద నాయకుడైన బుఖారిన్‌ను "రైట్" అని ముద్ర వేసింది అందుకే. రైతుల మీద బలప్రయోగం వద్దు, మెల్లగా నడుద్దాం అన్నందుకు. 1938లో ఆయన్ను కాల్చి చంపారు, అది వేరే కథ. ఆ ఆవరణలో "రైట్" అన్నదాన్ని మితవాదమని తెలుగు చేయడం ఏమాత్రం తప్పు కాదు, పైగా చక్కగా కుదిరింది. కానీ ఆ మాట పార్టీ ఆవరణ దాటి పత్రికల్లోకి వచ్చింది. అక్కడ రైట్ అని ఎక్కడ కనబడితే అక్కడ దాన్నే అతికించారు. తెలుగు పత్రికా భాషను కమ్యూనిస్టులు ఎంతగా తీర్చిదిద్దారో తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. ఇది నిజమని నేను రుజువు చేయలేను. ఇంతకంటే మంచి కారణం ఎవరైనా చూపిస్తే సంతోషంగా ఒప్పుకుంటాను.

వాడుకే ప్రమాణం కదా?

ఇక్కడ నన్ను నేనే ఆపుకోవాల్సి వచ్చింది. మాటలు అర్థాలు మార్చుకుంటూనే ఉంటాయి. గిడుగు వారి తర్వాత తెలుగులో వాడుకను కాదనే ధైర్యం ఎవరికుంది? అందరికీ అర్థమైపోతున్నప్పుడు మితం, అతి అని ధాతువులు తవ్వుకుంటూ కూర్చోవడం పండితుల పని.

నిజంగా అర్థమైపోతుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. పాత అర్థం చచ్చిపోయి కొత్త అర్థం నిలబడితే గొడవే లేదు. కానీ ఇక్కడ రెండూ బతికే ఉన్నాయి, ఒకే పేజీలో, ఒకే విషయం మీద. ఈ వాక్యం చూడండి: "బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీలో మితవాదులు నాయకుడిపై తిరగబడ్డారు." ఎవరు తిరగబడ్డారు? నాయకుడు మరీ కుడికి పోతున్నాడని మధ్యేమార్గం వాళ్లు తిరగబడ్డారా? నాయకుడు మెత్తబడిపోయాడని కరడుగట్టినవాళ్లు తిరగబడ్డారా? రెండూ పచ్చి వ్యతిరేకమైన వార్తలు. వాక్యం మాత్రం ఒక్కటే. పాఠకుడికి బ్రిటన్ రాజకీయాలు ముందే తెలిసి ఉంటే తప్ప వార్త అర్థం కాదు. ముందే తెలిసినవాడికి ఆ వార్తతో పనేముంది?

ఇంకో నష్టం కనబడకుండా జరుగుతుంది. మన నోట "మితం" ఎప్పుడూ మెచ్చుకోలే. మితంగా మాట్లాడమనీ మితంగా తినమనీ పిల్లలకు చెబుతాం. ఆ మెచ్చుకోలంతా కుడిపక్షానికి ఉచితంగా దఖలు పడుతోంది. వాళ్లు అడిగింది కాదు, వాళ్లలో చాలామంది మితంగా ఉండడం చేతగానితనమనే అంటారు. 1964లో అమెరికాలో రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ తన నామినేషన్ ప్రసంగంలో, స్వేచ్ఛను కాపాడేందుకు అతివాదం దోషం కాదనీ న్యాయసాధనలో మితంగా ఉండడం సుగుణం కాదనీ నిండు సభలో ప్రకటించాడు. మితవాదాన్ని ఎదురుగా నిలబెట్టి తిట్టిన ఆ పెద్దమనిషిని మన లెక్క ప్రకారం ఏమనాలి? మితవాది అనే.

సూరత్‌లో చెప్పు

చరిత్ర పుస్తకాల్లోని పాత మితవాదుల దగ్గరికి, అంటే అర్జీలతో మెల్లగా సాధిద్దామన్న గోఖలే వంటి కాంగ్రెస్ నాయకుల దగ్గరికి వద్దాం. 1907 డిసెంబరు, సూరత్ కాంగ్రెస్. అధ్యక్ష స్థానంలో రాస్‌బిహారీ ఘోష్. అతివాదుల నాయకుడు తిలక్ వేదికెక్కి మాట్లాడతానని పట్టుబట్టాడు. గొడవ పెరిగింది. జనంలోంచి ఒక మరాఠీ చెప్పు ఎగిరొచ్చి సురేంద్రనాథ్ బెనర్జీ చెంపకు తగిలి, అక్కణ్ణుంచి ఫిరోజ్‌షా మెహతా మీద పడింది. కుర్చీలు లేచాయి, చివరికి పోలీసులొచ్చి పందిరి ఖాళీ చేయించారు. తర్వాత మితవాదులు ఒక నియమావళి రాసుకుని, దానికి ఒప్పుకున్నవాళ్లకే ప్రవేశం అన్నారు. తిలక్ వర్గం 1916 లక్నో దాకా బయటే ఉండిపోయింది. మితవాదులు మెతకవాళ్లన్నది కూడా పూర్తి నిజం కాదన్నమాట.

సూరత్‌కు దాదాపు ఏడాది ముందు, 1907 జనవరిలో, కలకత్తాలో తిలక్ ఒక ప్రసంగం చేశాడు. మితవాదులు, అతివాదులు అన్న రెండు కొత్త మాటలు మన రాజకీయాల్లోకి వచ్చాయి, ఇవి కాలాన్ని బట్టి ఉంటాయి, కాలంతో మారతాయి అన్నాడు. నేటి అతివాదులు రేపటి మితవాదులు, నేటి మితవాదులు నిన్నటి అతివాదులే అన్నాడు. ఈ మాటల గురించి ఇంతకంటే తెలివైన వ్యాఖ్య నేనెక్కడా చూడలేదు. అది ముద్ర వేయించుకున్నవాడి నోట రావడం ఇంకా బాగుంది. ఆయన విషయంలో అది నిజమైంది కూడా. 1919 అమృత్‌సర్ కాంగ్రెస్ నాటికి, ప్రభుత్వం ఇచ్చినదాన్ని బట్టి సహకరిద్దాం అనే దగ్గరికి తిలకే వచ్చాడు.

అయితే తిలక్ చెప్పింది కాలం సంగతి. విషయాన్ని బట్టి కూడా కొలత మారుతుందని ఆయన జీవితమే చూపిస్తుంది. 1891లో ఆడపిల్లల సమ్మతి వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచే చట్టం వచ్చినప్పుడు, ప్రభుత్వం మన ఆచారాల్లో వేలు పెట్టడమేమిటని తిలక్ గట్టిగా ఎదిరించాడు. రానడే వంటి మితవాదులు సమర్థించారు. 1895లో పుణె కాంగ్రెస్ పందిట్లో సంఘసంస్కరణ సభ జరపడానికి వీల్లేదన్నదీ తిలక్ వర్గమే. రాజ్యం దగ్గర అతివాది, ఇంట్లో పాత పద్ధతి మనిషి. గోఖలే, రానడేలు రాజ్యం దగ్గర అర్జీలు పెట్టుకుంటూనే ఇంట్లో మార్పు కావాలన్నారు.

మన దగ్గర వీరేశలింగం పంతుల్ని తీసుకోండి. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేస్తానన్నా తగ్గలేదు. అదే పంతులు 1893లో ప్రభుత్వం ఇచ్చిన రావు బహద్దూర్ బిరుదు తీసుకున్నారు. ఆయన మితవాదా, అతివాదా? ఈ ప్రశ్నకు ఏ పరీక్షలోనైనా ఒక్క మాటలో జవాబు రాయమంటే నేను ఖాళీగా వదిలేసి వస్తాను.

తిలక్ చెప్పిన కాలం లెక్కకు మన ఉదాహరణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్లిన వేడిలో, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు ట్రైనింగ్ కాలేజీ నుంచి బహిష్కరించారు. మరుసటేడు "స్వరాజ్" పత్రికలో రాసిన రాతకు జైల్లో వేశారు. ఆనాటి అధికారుల కాగితాల్లో హరిసర్వోత్తమరావు పచ్చి అతివాది. తర్వాత జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ పెట్టారు. ఇంతకంటే మితమైన పని ఇంకేముంది?

ఇలా చూస్తే, దేని విషయంలో, ఎవరితో పోల్చి, ఏ సంవత్సరంలో అని చెప్పకుండా ఎవరినైనా మితవాది అనడంలో సమాచారమేమీ లేదు. ఎత్తు చెప్పకుండా "పొడుగు" అన్నట్టు ఉంటుంది.

గాంధీ ఎక్కడ కూర్చుంటాడు?

ఇక్కడ నా వాదానికే ఒక చిక్కు వచ్చింది. నడకను బట్టి మితవాదమన్నాను కదా, మరి గాంధీ? రాయి కూడా విసరనన్న మనిషి. గోఖలేను రాజకీయ గురువన్న మనిషి. నడక అంటే హింస, అహింస అనే అర్థమైతే గాంధీని మించిన మితవాది ఉండకూడదు. కానీ ఆనాటి మితవాదులు గాంధీని తమవాడు అనుకోలేదు. గోఖలే తర్వాత ఆయన సంస్థకు పెద్దయిన శ్రీనివాస శాస్త్రి సత్యాగ్రహాన్ని ఒప్పుకోలేదు. 1918లో కాంగ్రెస్ నుంచి విడిపోయి లిబరల్ ఫెడరేషన్ పెట్టుకున్నవాళ్లలో మన విజయనగరంలో పుట్టిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి ఒకరు. అలహాబాదు "లీడర్" పత్రికకు సంపాదకుడు. సహాయ నిరాకరణ ఉధృతంగా సాగుతున్న 1921లో ఆయన సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) ప్రభుత్వంలో మంత్రి. చట్టాన్ని కావాలని ఉల్లంఘించడం వాళ్ల దృష్టిలో గీత దాటడమే.

అందుకని నా నిర్వచనాన్ని కొంచెం సవరించుకోవాలి. ఉన్న ఏర్పాటు నియమాలకు లోబడి, ఆ నియమాలతోనే ఉన్నదాన్ని మార్చాలనుకునేవాడు మితవాది. ఎంత మార్చాలనుకుంటున్నాడన్నది వేరే ప్రశ్న. దాదాభాయి నౌరోజీ 1892లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికై, వాళ్ల సభలోనే కూర్చుని, మా సంపదను మీరు ఏటా తోడేసుకుపోతున్నారని లెక్కలు కట్టి చూపించాడు. ఆ లెక్క మితమైంది కాదు. బ్రిటిష్ పాలన మీద అంతకంటే పెద్ద అభియోగం తర్వాతి అతివాదులు కూడా కొత్తగా కనిపెట్టింది లేదు. పద్ధతి మాత్రం మితమైంది.

ఆగమనేవాళ్లు

మితవాదాన్ని ఇంతగా వెనకేసుకొస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే, దానికి గట్టి జవాబు 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి వచ్చింది. నల్లవారి ప్రదర్శనలు తెలివితక్కువవి, సమయం కానివి అని 8 మంది తెల్ల మతాచార్యులు ప్రకటన చేస్తే, మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరం అది. నల్లవాడి స్వేచ్ఛకు పెద్ద అడ్డంకి ముసుగు వేసుకున్న కు క్లక్స్ క్లాన్ వాడు కాకపోవచ్చు, "నీ లక్ష్యం మంచిదే, నీ పద్ధతి నాకు నచ్చలేదు" అనే తెల్ల మితవాదేమో అన్నాడు. తనను అతివాది అన్నందుకు మొదట నొచ్చుకున్నాననీ, ఆలోచించిన కొద్దీ ఆ మాటలో కొంత తృప్తి దొరికిందనీ రాశాడు.

ఈ దెబ్బ నుంచి మితవాదాన్ని కాపాడాలని నాకు లేదు. కింగ్ చెప్పింది నిజం. నియమాలు ఎవరి మెడ మీద ఉన్నాయో వాళ్లను, ఆ నియమాల్లోనే ఉండమనడం సౌకర్యంగా ఉన్నవాడు ఇచ్చే సలహా. ఫ్రెంచి విప్లవ సభలో మధ్యలో కూర్చున్న గుంపును అందరూ బురదనేల అని వెక్కిరించారు. విప్లవాన్ని గుప్పిట పెట్టుకున్న రోబెస్పియర్ రోజుల్లో మితంగా ఉండడమే నేరం, ఇక చాల్లే అన్నందుకు 1794 ఏప్రిల్‌లో మరో విప్లవ నాయకుడు దాంతోన్ తల పోయింది. ఆ బురదనేల అప్పుడు నోరెత్తలేదు. జులైలో రోబెస్పియర్ పడిపోతున్నాడని తెలిశాకే చెయ్యెత్తింది. ఇది మితమా, పిరికితనమా? బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి.

నేనడిగేది మితవాదం మంచిదని ఒప్పుకోమని కాదు. తెలుగులో కింగ్ ఉత్తరం గురించి రాయాలంటే "తెల్ల మితవాది" అనే రాయాలి. ఇప్పటి పత్రికా వాడుకలో పెరిగిన కుర్రవాడు అది చదివి, కింగ్ తిట్టింది తెల్లజాతి కుడిపక్షాన్ని కాబోలు అనుకుంటాడు. ఉత్తరం మొత్తం తలకిందులైపోతుంది. మితవాదాన్ని మెచ్చుకోవడానికే కాదు, సరిగా తిట్టడానికి కూడా ఆ మాట దాని చోట అది ఉండాలి.

అమృతలింగం సంగతి

నడకకూ దిక్కుకూ తేడా అన్నాను. దానికి నాకు తెలిసిన అన్నిటికన్నా చేదు ఉదాహరణ శ్రీలంకది. తమిళ ఐక్య విమోచన కూటమి నాయకుడు అమృతలింగాన్ని లోకమంతా తమిళ మితవాది అనేది. 1976లో వడ్డుకోట్టై తీర్మానంతో ఈళం పేరుతో ప్రత్యేక తమిళ దేశం కావాలన్నది ఆ కూటమే. అంటే తుపాకులు పట్టిన తమిళ పులులు (ఎల్టీటీఈ) కోరినదే వాళ్లూ కోరారు. తేడా దారిలో ఉంది. 1977 ఎన్నికల్లో 18 సీట్లు గెలిచి, ఆయన ఆ దేశ పార్లమెంటులోనే ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నాడు. దేశాన్ని చీల్చాలనే మనిషి ఆ దేశపు సభలో, దాని నియమాల ప్రకారం, ఆ మాట అనగలిగాడు. మితవాదమన్న మాటకు అంతకన్నా కచ్చితమైన అర్థం ఉండదు.

1983 ఆగస్టులో ఆరో రాజ్యాంగ సవరణ తెచ్చి, విభజన కోరడాన్నే నేరం చేశారు. కూటమి సభ్యులు ఆ ప్రమాణం చేయనన్నారు, సీట్లు పోయాయి. లోబడి ఉందామనుకున్న నియమాలే వాళ్లను గెంటేశాయి. ఆ తర్వాత ఈళం అన్న మాట తుపాకులున్న వాళ్ల చేతుల్లోనే మిగిలింది. 1989 జులైలో కొలంబోలో ఎల్టీటీఈ అమృతలింగాన్ని కాల్చి చంపింది.

మితవాదులను అతివాదులు చంపడం మనం చూస్తాం. వాళ్ల కాళ్ల కింద నేలను ముందుగా తీసేసేది చాలాసార్లు ప్రభుత్వాలే. ఆపైన అవే ప్రభుత్వాలు, చర్చలకు మితవాదులెవరూ దొరకడం లేదంటాయి.

మరి కుడిపక్షాన్ని ఏమనాలి?

"కుడిపక్షం" అంటే చాలు. మొదట కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. "వామపక్షం" కూడా ఒకప్పుడు కొత్తమాటే. "ఛాందస" అనొద్దు, అది తిట్టు. "సంప్రదాయవాద" అన్నది కొందరికి సరిపోతుంది, అందరికీ కాదు. మార్కెట్‌కు పగ్గాలు తీసేయమనేవాడు, మతాన్ని రాజ్యంలోకి తెమ్మనేవాడు ఇద్దరూ కుడిపక్షమే అయినా, మొదటివాడికి సంప్రదాయంతో పనిలేదు. పార్టీ పత్రాల్లో "మితవాద అవకాశవాదం" అని రాసుకునేవాళ్లు హాయిగా రాసుకోవచ్చు. అక్కడ కొలబద్ద ఏమిటో చదివేవాళ్లకు తెలుసు.

నా డెస్కు మిత్రుడు ఇదంతా విని, "హెడ్డింగులో రెండక్షరాలు పెరుగుతాయిరా" అన్నాడు. లెక్కపెట్టి చూశాను. మితవాద నాలుగు అక్షరాలు, కుడిపక్ష కూడా నాలుగే. పైగా "అతి మితవాద పార్టీ" అని రాసే చోట చాలాసార్లు "వలసల వ్యతిరేక పార్టీ" అని రాయొచ్చు. ఒక అక్షరం పెరిగినా, ఆ పార్టీ ఏం కావాలంటోందో పాఠకుడికి తెలుస్తుంది.